బొప్పాయి పాలూ, మా మామయ్య మతిమరపూ

మా మామయ్య తెలుగు పండితుడు. ముప్ఫయినాలుగేళ్ళు కోనసీమ హైస్కూళ్ళలో సంధులూ సమాసాలూ చెప్పి రిటైరయ్యాడు. నేను తెలుగు ఎం.ఏ. చదవడానికీ, ఇవాళ రాజమండ్రిలో ఒక కాలేజీలో ఆ తెలుగే చెప్పుకుని బతకడానికీ ఆయనే కారకుడు. అంబాజీపేట దగ్గర ఆయన ఊరు. వేసవి సెలవులకు వెడితే మమ్మల్ని కొబ్బరితోటలో కూర్చోబెట్టి, గెల దింపినప్పుడల్లా ఒక పదం విడదీయమనేవాడు. విడదీయలేని వాడికి బొండం నీళ్ళు లేవు.

పోయిన సంక్రాంతికి వెళ్ళాను. రావులపాలెంలో బస్సు దిగి, పూతరేకులు రెండు పెట్టెలు కొనుక్కుని, మరో బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి ఊరు చేరాను. మామయ్య వీథి అరుగు మీద కూర్చుని వున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, "తమరెవరి తాలూకు బాబూ?" అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. ఆయనకా అలవాటు వుంది. "మీ తాలూకే మామయ్యా" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. తువ్వాలు భుజాన సర్దుకుని, "కూర్చోండి, లోపల ఆడవాళ్ళున్నారు, కేకేస్తాను" అని లేచాడు.

అత్తయ్య వచ్చింది. ఏమీ జరగనట్లే కాళ్ళకు నీళ్ళిచ్చింది. రెండేళ్ళ క్రితం విశాఖపట్నం తీసుకువెళ్ళి చూపించారట. ఆల్జైమర్సు అన్నారట. ఆ పేరు అత్తయ్య నోట "అలజడి జబ్బు" అయి కూర్చున్నది. తెలుగు లెక్చరర్ని కనక చెబుతున్నాను, అంతకన్నా మంచి అనువాదం ఎవరూ చెయ్యలేరు.

భోజనాలయిన పావుగంటకు మామయ్య, "ఇవాళ వడ్డనలు లేవా?" అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డది. పరీక్షించడానికి కాదు గాని, ఏదో ఒకటి మాట్లాడాలని, "మామయ్యా, 'కట్టకడ' ఎలా వస్తుంది?" అన్నాను. "కడ, కడ. ద్విరుక్తటకారాదేశం. ఆ మాత్రం తెలియదూ?" అన్నాడు ఠకీమని. మొహంలో పాత మామయ్య ఒక్క క్షణం తొంగిచూశాడు. తరువాత, "ఇంతకూ తమరెవరి తాలూకు?"

ఆ రాత్రి అమెరికా నుంచి మా బావమరిది ఫోను చేశాడు. అక్కడ కొత్త ఇంజెక్షన్లు వచ్చాయట. మెదడులో పేరుకున్న మలినాన్ని కడిగేస్తాయట. తోట అమ్మి, మిగిలింది తను వేసుకుని, నాన్నని తీసుకుపోయి పొడిపించాలని వాడి ఆరాటం. "బావా, నువ్వు చదువుకున్నవాడివి. అసలిదేమిటో తెలుసుకుని అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు. నేను చదువుకున్నది వ్యాకరణం మహానుభావా అంటే వినడే! అత్తయ్య అప్పుడేమీ అనలేదు. నేను బయలుదేరేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "తెలుసుకో నాయనా. తోట సంగతి నువ్వు చెప్పినదాన్ని బట్టే" అన్నది.

అప్పటినుంచి మా కాలేజీ జంతుశాస్త్రం మాస్టారిని పట్టుకుని, ఆయన చేత తిట్లు తింటూ, మూడు నెలలు చదివాను. తెలిసినంతలో చెబుతున్నాను. ఇటువంటి మామయ్యో, అత్తయ్యో, అమ్మో లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు.

కథ జర్మనీలో మొదలయింది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్టు పిచ్చాసుపత్రికి అగస్టె అనే యాభయ్యొక్కేళ్ళ ఇల్లాలిని తీసుకువచ్చారు. పేరడిగితే చెప్పేది. ఇంటిపేరడిగినా, భర్త పేరడిగినా మళ్ళీ తన పేరే చెప్పేది. ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు ఆమె దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలూ జవాబులూ పూసగుచ్చినట్లు రాసుకున్నాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె పోయింది. మెదడు తెప్పించుకుని, పలుచటి పొరలుగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, కణాల లోపల చిక్కుపడ్డ దారాల ఉండలూ, కణాల నడుమ గట్టి మచ్చలూ కనబడ్డాయి. ఆ నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో ఈ సంగతి చెబితే, ఒక్కరయినా ఒక్క ప్రశ్న వెయ్యలేదట. సభల తీరు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబోలు!

ఆ మచ్చల్లో వున్న పదార్థానికి అమిలాయిడ్ అని పేరు. అంటే గంజివంటిదని అర్థం. 1854లో విర్కో అనే పండితుడు అయోడిను వేసి చూసి, అది పిండిపదార్థమనుకుని పెట్టిన పేరు. నిజానికది మాంసకృత్తు. పొరపాటు తేలిపోయింది గాని పేరు మిగిలిపోయింది. శాస్త్రజ్ఞులూ మనలాగే రూఢికి లోబడినవారన్నమాట.

మాంసకృత్తు అంటే ఏమిటో చెప్పుకోకపోతే తరువాతి కథ నడవదు. మన వర్ణమాల యాభైయారక్షరాలయితే శరీరపు వర్ణమాల ఇరవై అక్షరాలే. వాటిని ఒక వరసలో గుచ్చితే ఒక దండ అవుతుంది. దండ దండలాగే వుంటే ఎందుకూ పనికిరాదు. ఒక పద్ధతిలో మడత పడాలి. పూతరేకు చూడండి. రేకు మీద నెయ్యి రాసి, పంచదార చల్లి, ఒడుపుగా మడిస్తేనే అది పూతరేకు. చెయ్యి తిరగనివాడు మడిస్తే పొడి. తడి తగిలితే రేకు రేకుకు అంటుకుని ముద్ద. మన ఒంట్లో మాంసకృత్తులకూ ఈ రెండో గతి పట్టవచ్చు.

మెదడు కణాల గోడలో ఒక పెద్ద మాంసకృత్తు వుంది. కణంలోని కత్తెరలు దాన్ని కత్తిరిస్తూ వుంటాయి. అలా రాలే ఒక తునకే అమిలాయిడ్ బీటా. కత్తెర ఒకచోట పడితే నలభయి అక్షరాల తునక. కాస్త అవతల పడితే నలభయిరెండు. ఆ చివరి రెండక్షరాలూ నీళ్ళంటే గిట్టనివి. నీటికి దూరంగా, తమవంటి వాటితోనే అతుక్కోవాలని చూస్తాయి. రెండక్షరాలు ఎక్కువైనందుకు మనిషి తన ఇంటిపేరు మరిచిపోతాడంటే, వ్యాకరణం చెప్పేవాణ్ణి నాకే ఒళ్ళు జలదరించింది.

ఆ తునకలు ఒకటికొకటి అతుక్కుని పోగులవుతాయి. కోనసీమలో కొబ్బరి పీచు పేనడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. విడి పీచు గాలికి ఎగిరిపోతుంది. పేనితే పడవను కట్టే మోకు. ఈ తునకను 1984లో అమెరికాలో జార్జి గ్లెనర్, ఆయన సహచరుడు వాంగు వేరుచేసి, అక్షరాల వరస చదివారు. విధి విచిత్రం చూడండి. గ్లెనర్ 1995లో పోయాడు. ఆయన గుండెలో అటువంటి పోగులే, మరో మాంసకృత్తువి, పేరుకున్నాయి.

చాలాకాలం అందరూ ఆ పెద్ద మచ్చలే విషమనుకున్నారు. అయితే మచ్చలు దండిగా వుండీ చలాకీగా వున్న ముసలివాళ్ళు కొందరు కనబడ్డారు. అప్పుడు చూపు చిన్నవాటి మీదికి మళ్ళింది. మన కాలువల్లో గుర్రపుడెక్క వుంటుంది. పెద్ద తెప్పలా ఒక మూల పేరుకుని వున్నంతసేపూ అది కంటికి వికారమే గాని నీరు పారుతూనే వుంటుంది. తెప్ప నుంచి తెగిన చిన్న చిన్న గుత్తులు కొట్టుకుపోయి తూముల్లో ఇరుక్కుంటే చేలకు నీళ్ళు ఆగుతాయి. అదే విధంగా, రెండూ నాలుగూ పదీ తునకలు కలిసి, నీటిలో తిరుగాడే చిరుముద్దలే నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట అడ్డంపడుతున్నాయని 1998 నుంచి బలంగా వినిపిస్తున్నది. ఇందులో తగాదాలు లేకపోలేదు. అటువంటి ఒక ముద్దను గురించి 2006లో గొప్పగా అచ్చయిన వ్యాసంలో బొమ్మలు దిద్దినట్లు తేలి, 2024లో దాన్ని ఉపసంహరించారు. ఒక వ్యాసం కూలినంత మాత్రాన మొత్తం ఇల్లు కూలలేదు గాని, ఇల్లు కట్టడం పూర్తయిందని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

మరి ఈ ముద్దల్ని ఎవరు పట్టాలి? ఒంట్లో పరాయివాణ్ణి పట్టే పోలీసులున్నారు. వాటినే యాంటీబాడీలంటారు. ఆకారం చీలిన పంగలకర్రలాగా వుంటుంది. రెండు కొమ్మల చివళ్ళూ శత్రువును పట్టుకునే చేతులు. కింది కాడ ఈల వంటిది. అది మోగితే తినేసే కణాలు పరుగెత్తుకొస్తాయి.

1996లో టెల్ అవీవ్‌లో బేకా సాలమన్ అనే ఆవిడ, యాంటీబాడీలు గాజుగొట్టంలో ఈ అమిలాయిడ్‌ను పేరుకోనివ్వకుండా ఆపగలవని చూపింది. 1999లో అమిలాయిడ్‌నే టీకాగా పొడిస్తే ఎలుకల మెదళ్ళలో మచ్చలు తగ్గాయి. ప్రపంచమంతా పండగ చేసుకున్నది. మనుషులకు పొడిచారు. 2002 జనవరిలో ఆపేశారు. మందు పుచ్చుకున్న సుమారు మూడువందల మందిలో పద్ధెనిమిది మందికి మెదడు వాచింది.

ఇక్కడొక చిన్న మాట. మన భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్ళి లెడర్లే సంస్థ పరిశోధనలకు పెద్దయిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎరగని వారుండరు. ఆయన 1948లో పోయారు. ఆ లెడర్లే 1994లో చేతులు మారి, తరువాత వైయత్ అని పేరు పెట్టుకున్న సంస్థలో కలిసిపోయింది. పైన చెప్పిన టీకాను మనుషుల మీద ప్రయోగించిన ఇద్దరు భాగస్తుల్లో ఒకరు ఈ వైయత్ వారే. టీకా పోయాక బాపిన్యూజుమాబ్ అనే యాంటీబాడీ వేశారు. అదీ 2012లో పరీక్ష తప్పింది. సుబ్బారావుగారుంటే ఏమనేవారో! "మళ్ళీ చెయ్యండి" అనే వుంటారు.

వాపు ఎందుకొస్తున్నదని తరచి చూస్తే, ఒక అనుమానం ఆ ఈల మీదికి పోయింది. దొంగను పట్టడానికి పోలీసు ఈల వేస్తే, జనం లాఠీలతో వచ్చి దొంగతోబాటు ఇంటి సామానూ పగలగొట్టినట్లు. అయితే ఈల కోసేసి చేతులు మాత్రం వుంచుకుంటే?

ఇక్కడికి వచ్చేసరికి నాకు అత్తయ్య వంటిల్లు గుర్తొచ్చింది. పండగ మర్నాడు మాంసం వండుతూ, అది ముదురుదని, పచ్చి బొప్పాయి ముక్క తరిగి వేసింది. పాలు కారుతున్న ఆ ముక్క పడితే ఎంత ముదురు మాంసమైనా మెత్తబడుతుందని మన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ పాలలో పపేయిన్ అనే పదార్థం వుంది. మాంసకృత్తుల్ని కోసే కత్తి అది. 1959లో లండనులో రాడ్నీ పోర్టరు అనే ఆయన కుందేటి యాంటీబాడీలను సరిగ్గా ఈ పపేయిన్‌తోనే కోశాడు. మూడు ముక్కలయ్యాయి. రెండు చేతులూ ఒక కాడా. చేతులు పట్టుకునే పని మానలేదు. కాడ ఒంటరిగా ఏమీ పట్టలేదు. ఈ పనికి 1972లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. రోజూ వంటింట్లో అదే కత్తి పట్టుకున్న మా అత్తయ్యకు మాత్రం, కూర బాగుందన్న మాట వచ్చింది. అది కూడా నేనన్నది. మామయ్య తిన్న సంగతే మరిచిపోయాడు.

2002లో బోస్టను శాస్త్రజ్ఞులు కాడ లేని ముక్కల్ని ఎలుక మెదడు మీద నేరుగా వేసి చూశారు. ఈల లేకపోయినా మచ్చలు తగ్గాయి. కనక ముక్కలు చాలునన్న ధైర్యం వచ్చింది.

ఇంకా చిన్నవి చెయ్యవచ్చు. 1988లో, చేతి చివర వున్న రెండు సగాలనూ చిన్న దారంతో కుట్టి ఒకే గొలుసుగా చేశారు. పూర్తి యాంటీబాడీ బరువులో అది ఐదోవంతు కూడా వుండదు. 1993లో బ్రస్సెల్సు వాళ్ళు ఒంటె రక్తంలో మరీ వింత యాంటీబాడీలు కనుగొన్నారు. వాటిలో పట్టుకునే చెయ్యి ఒకే ముక్క! అదయితే పూర్తిదానిలో పదోవంతు బరువు. ఈ ఒంటె ముక్కల నుంచి పుట్టిన మందు ఒకటి, ఒక అరుదైన రక్తం గడ్డకట్టే జబ్బుకు, 2018లో ఐరోపాలో ఆమోదం పొందింది. కనక ముక్క మందు కాదనడానికి వీల్లేదు.

కోట్ల రకాల ముక్కల్లో మనకు కావలసిన దాన్ని ఏరడం ఎట్లా? దానికీ ఉపాయం దొరికింది. బ్యాక్టీరియాలను పట్టి పీడించే వైరసులున్నాయి. 1985లో జార్జి స్మిత్ అనే ఆయన, అటువంటి వైరసు నెత్తిన మనకు కావలసిన మాంసకృత్తు ముక్కను మొలిపించవచ్చునన్నాడు. దాన్ని తయారుచేసే చిట్టా దాని కడుపులోనే వుంటుంది. 1990లో కేంబ్రిడ్జిలో గ్రెగరీ వింటర్ బృందం యాంటీబాడీ ముక్కల్ని అలా మొలిపించింది. ఇక చేటతో చెరగడమే. విషపు ముద్దల్ని ఒక పళ్ళెంలో అంటించి, కోట్ల వైరసుల్ని దాని మీద పొయ్యడం. పట్టుకోలేనివి కడిగేస్తే పోతాయి, పట్టుకున్నవి మిగులుతాయి. వాటిని పెంచి మళ్ళీ చెరగడం. నాలుగైదు చెరుగుళ్ళకు తాలు పోయి గింజ మిగులుతుంది. స్మిత్‌కూ వింటర్‌కూ 2018లో నోబెల్ వచ్చింది. ఆరిజోనాలో మైకేల్ సియర్క్స్ అనే ఆచార్యుడు ఈ చేటతోనే, పెద్ద పోగుల్నీ విడి తునకల్నీ వదిలేసి, నడుమనున్న చిరుముద్దల్ని మాత్రమే పట్టే ముక్కల్ని ఏరాడు. గాజుపాత్రలో పెంచిన నరాల కణాలను ముద్దల విషం నుంచి అవి కాపాడాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం మరొకటి. న్యూయార్కు రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో రెన్సెలర్ విద్యాలయం వుంది. అక్కడ పీటర్ టెసియర్ అనే ఇంజనీరు ఏరడం మానేసి ఆలోచించాడు. అమిలాయిడ్ తునకలు ఒకదాన్నొకటి పట్టుకోవడంలో మొనగాళ్ళు కదా! ఆ జిగురు అక్షరాలను కొన్నిటిని తీసి, యాంటీబాడీ ముక్క వేలి కొసన అంటు కట్టాడు. మామిడికి అంటు కట్టినట్లే. అంతే, ఆ ముక్క వెళ్ళి అమిలాయిడ్ పోగుల్నీ ముద్దల్నీ తన చుట్టమనుకుని పట్టుకున్నది. తక్కువ మోతాదులో వేసినా కొత్త పోగులు పేనుకోకుండా ఆపింది. ఈ పనులు 2012లో అచ్చయ్యాయి. ముల్లును ముల్లుతోనే తియ్యాలని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

ఇంతవరకు చదివి నేను ఉబ్బిపోయి బావమరిదికి ఫోను చెయ్యబోయాను. జంతుశాస్త్రం మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. "మిగతాది కూడా చదవండి గురువుగారూ" అన్నారు.

మిగతాది ఇదీ. గాజుపాత్ర వేరు, మనిషి మెదడు వేరు. మెదడు రక్తనాళాల చుట్టూ దిట్టమైన కోట వుంది. నెత్తుటిలోకి ఎక్కించిన యాంటీబాడీలో వెయ్యింటికి ఒకవంతు లోపలికి పోతే గొప్ప. ముక్కలు చిన్నవి కనక సులువుగా దూరతాయనుకుంటే, చిన్నవి కనకనే మూత్రపిండాలు వాటిని గంటల్లో వడకట్టి పారేస్తాయి. పెద్దది వారాల తరబడి నెత్తుటిలో వుంటుంది. ఒకటి వుంటే రెండోది లేదు.

కోటలోకి పోవడానికి ఇప్పుడొక దొంగదారి వెతికారు. మెదడుకు ఇనుము కావాలి. దాన్ని లోపలికి చేర్చే పడవలు కోటగోడలోనే వున్నాయి. చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు, టిక్కెట్టు లేని మా మిత్రుడొకడు గడ్డిమోపు పట్టుకుని, మోపు తాలూకు మనిషినని ఎక్కేసేవాడు. అలాగే ఒక యాంటీబాడీ ముక్కను ఆ ఇనుప పడవను పట్టుకునేట్లు చేసి, దాన్ని అమిలాయిడ్‌ను పట్టే పెద్ద యాంటీబాడీకి తగిలించారు. ఆ పెద్ద యాంటీబాడీ ఒంటరిగా 2022లో తప్పిపోయినదే. పడవెక్కాక తక్కువ మోతాదుకే మచ్చల్ని చురుకుగా తుడుస్తున్నదని మొదటి పరీక్షల్లో తేలింది. పెద్ద పరీక్ష 2025లో మొదలయింది. ట్రాంటినెమాబ్ అని దాని పేరు. ఈ పేర్లు పెట్టేవారికి ఛందస్సు బొత్తిగా రాదు.

ముక్కలతో ఇంకో మేలుంది. పూర్తి యాంటీబాడీని చెయ్యాలంటే జంతుకణాల్ని పెద్ద పెద్ద తొట్లలో కంటికి రెప్పలా పెంచాలి. చిన్న ముక్కల్ని మామూలు బ్యాక్టీరియా చేత చేయించవచ్చు. ఖర్చు తగ్గుతుంది. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ వారు 2007లోనే ఒక కాన్సరు యాంటీబాడీని తామే తయారుచేసి అమ్మారు. కనక ఈ ముక్కలు మందయిననాడు మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు.

హైదరాబాదు మాట వచ్చింది కనక ఒకటి చెప్పాలి. ముద్దకట్టే మాంసకృత్తుల జబ్బు మనకు కొత్తది కాదు. కంటిలో శుక్లం అదే. కంటికటకంలో మాంసకృత్తులు పుట్టినప్పటివి చచ్చేదాకా వుంటాయి. అవి ముద్దకట్టకుండా ఆల్ఫా క్రిస్టలిన్ అనేది కాపలా కాస్తూ వుంటుంది. అది అలిసిపోయిన నాడు చూపు మసకబారుతుంది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో సి.హెచ్. మోహనరావుగారి బృందం 1990 ప్రాంతాల నుంచి ఈ కాపలాదారు మీద పనిచేసింది. వేడి తగిలితే దాని శక్తి హెచ్చుతుందని చూపింది. శుక్లమయితే కటకం తీసి మరొకటి పెడతారు. మామయ్యకు రెండు కళ్ళకూ కాకినాడలో చేశారు. మెదడు తీసి మరొకటి పెట్టడం ఎవరి తరం?

ఆ హైదరాబాదులోనే మరో పని జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడిగారూ ఆమె సహచరులూ మతి తప్పిన 648 మందిని పరిశీలించి, 2013లో ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒకే భాషవారికన్నా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడిందట. చదువురానివారిలో కూడా అంతే. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే హైదరాబాదు బజారు ఇంత మేలు చేస్తుందని ఎవరనుకున్నారు! ఇది విన్నప్పటినుంచి నేను మా వీథి ఇస్త్రీ అతనితో హిందీలో మాట్లాడుతున్నాను. అతనిది ధవళేశ్వరం. నన్ను అదోలా చూస్తున్నాడు.

ఇక బావమరిది చెప్పిన ఇంజెక్షను. అది ముక్క కాదు, పూర్తి యాంటీబాడీయే. లెకనెమాబ్. దీనికి ముందు 2021లో ఒకటి వచ్చి, తగాదాల నడుమ 2024లో మూతపడింది. లెకనెమాబ్ పోగులు కాబోయే ముద్దల్ని పడుతుంది. 1795 మంది మీద పద్ధెనిమిది నెలలు పరీక్షించారు. జబ్బు ముదరడం నూటికి ఇరవయ్యేడు వంతులు మందగించింది. వినడానికి ఘనంగా వుంటుంది. పద్ధెనిమిది మార్కుల కొలబద్ద మీద ఆ తేడా అర మార్కు కూడా లేదు. మందు పుచ్చుకున్నవారిలో నూటికి పన్నెండు మందికి పైగా మెదడులో వాపు కనబడింది. చాలామందికి అది తెలియకుండానే తగ్గిపోయింది. ఆ పరీక్షలో రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కించారు. 2023లో అమెరికా ప్రభుత్వం పూర్తి ఆమోదం ఇచ్చింది. ఏడాదికి ఇరవయ్యారు వేల అయిదువందల డాలర్లని ధర కట్టారు. మన లెక్కలో ఇరవై లక్షలు దాటుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది జబ్బు తొలిదశలో వున్నవారికే. ఇంటికొచ్చిన మేనల్లుణ్ణి ఎవరి తాలూకని అడిగేవారికి కాదు.

ఉగాది వెళ్ళాక మళ్ళీ ఊరు వెళ్ళాను. మామయ్య నిద్రపోతున్నాడు. అత్తయ్య పీట వాల్చుకుని కొబ్బరీనెలు చీరుతున్నది. నేను పూతరేకులతో మొదలుపెట్టి, గుర్రపుడెక్క మీదుగా, బొప్పాయి దాకా చెప్పాను. బొప్పాయి దగ్గర నవ్వింది. మొత్తం విని, కత్తి కింద పెట్టి అడిగింది.

"ఆ ముద్దలు తీసేస్తే, పోయిన మాటలు తిరిగొస్తాయా నాయనా?"

"రావత్తయ్యా. చచ్చిన కణాలు బతకవు. ఇక మీదట పోయేవి కాస్త నెమ్మదిగా పోతాయి. అదీ మొదట్లో ఇస్తే."

"నన్ను పేరు పెట్టి పిలుస్తారా?"

నేను జవాబు చెప్పలేదు. ఆవిడ మళ్ళీ ఈనె అందుకున్నది.

"నువ్వు చెప్పిన ఆ చిన్న ముక్కలున్నాయే, అవి ఎప్పటికొస్తాయి?"

"ఇంకా ఎలుకల దగ్గరా, గాజుగొట్టాల దగ్గరా వున్నాయి. కొన్ని మనుషుల దాకా వచ్చాయి. ఏళ్ళు పడుతుంది."

"అయితే అబ్బాయి వయసు ముదిరేసరికి వస్తాయిలే" అన్నది. వాడికి నలభయ్యొకటి. కాసేపాగి, "తోట అమ్మొద్దని చెప్పు వాడితో. పొద్దున్నే లేచి ఆయన వెళ్ళి చెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. అదొక్కటే దారి మరిచిపోలేదు. అమ్మేస్తే రేపు పొద్దున్న ఎక్కడికి వెళ్ళమంటావు?" అన్నది.

వాడికి ఆ రాత్రే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మనకీ వస్తుందా బావా?" అన్నాడు చివరకు. ముసలితనంలో వచ్చేవాటిలో ఎక్కువ పాలు తండ్రి నుంచి కొడుక్కు ఆస్తిలా సంక్రమించేవి కావనీ, తండ్రికి వున్నంత మాత్రాన కొడుక్కి తప్పదనడానికి లేదనీ చదివింది చదివినట్లు చెప్పాను. ఏడాదికి రెండుసార్లు వస్తానన్నాడు. ఆ డబ్బుతో అత్తయ్యకు సాయంగా ఒక మనిషిని పెట్టారు. "ఆయ్, పంతులుగారిని నేను చూసుకుంటానండి" అంటూ పొరుగు కుర్రాడే కుదిరాడు.

మర్నాడు తెల్లవారుజామున మామయ్య వెంట నేనూ తోటకు వెళ్ళాను. అరెకరం. ముప్ఫయ్యారు చెట్లు. ఒక్కొక్క చెట్టునూ అరచేత్తో తట్టి, పైకి చూసి, అంకె చెప్పి ముందుకు నడుస్తున్నాడు. నేను వెనక నడుస్తున్నాను. పద్ధెనిమిదో చెట్టు దగ్గర ఆగిపోయాడు. చెయ్యి చెట్టు మీద అలాగే వున్నది. అంకె రాలేదు. వెనక్కి తిరిగి, "బాబూ, తమరు లెక్క చూశారా?" అన్నాడు.

"పద్ధెనిమిది మామయ్యా."

"పద్ధెనిమిది" అని తట్టి, తరువాతి చెట్టుకు నడిచాడు.